నూట నలభై గ్రాములు

ఇంకో రెండు ఫొటోలు పంపితే ఎనిమిది నెలల యజ్ఞం ముగిసిపోతుంది. గ్లైడరు తోకకు ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. అందుకే సోమవారం సాయంత్రం ఆస్పత్రి మందుల కౌంటరు మూయగానే తెల్లకోటు విప్పి సంచిలో కుక్కుకుని, ఇంటికి కూడా వెళ్లకుండా క్లబ్బు షెడ్డుకు వచ్చేసింది డోసమ్మ.

ఆవిడ అసలు పేరు క్లబ్బులో ఎవరికీ గుర్తులేదు. ఇరవై ఆరేళ్లుగా ఫార్మసిస్టు. టీలో పంచదార కూడా చెంచా అంచు గీసి వేసుకునే మనిషి కాబట్టి డోసమ్మ అయింది. నలభై ఐదో ఏట, అందరూ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునే వయసులో, ఇంజను లేని ఆ పొడుగు రెక్కల విమానాన్ని నడపడం నేర్చుకుంది. నేర్చుకున్న ఉత్సాహంలో, కొండల అవతల పక్కదేశంలో ఉంటున్న అక్కతో ఫోనులో నోరుజారింది.

"ఈసారి నీ దగ్గరికి బస్సులో రానక్కా. పైనించి వచ్చి దిగుతా."

"వస్తావులే. నేనూ హారతి పళ్లెం పట్టుకుని డాబా మీద నించుంటాలే" అంది అక్క.

ఆ ఎగతాళికి ఐదేళ్లు నిండాయి. కొండ చుట్టూ తిరిగే బస్సులో తొమ్మిది గంటల ప్రయాణం. గాలి అనుకూలిస్తే గ్లైడరులో గంటన్నర. అడ్డం వచ్చింది కొండ కాదు, కాగితాలు.

క్లబ్బువాళ్లు ఆ గ్లైడరును వేరే దేశం నుంచి తెప్పించారు. దాన్ని ఇక్కడి రిజిస్టరులోకి మార్చే ఫైలు ఏడాదిన్నరగా ఏ బల్ల మీద నిద్రపోతోందో ఎవరికీ తెలీదు. అది తేలేదాకా తోక మీద ఆ దేశపు అక్షరాలే, నెత్తిన ఆ దేశపు నిబంధనలే. ఎగరడానికి తగినదన్న సర్టిఫికెట్టు ఆ దేశమే ఇవ్వాలి. నడిపే మనిషి లైసెన్సునూ ఆ దేశమే ఒప్పుకోవాలి. సొంత ఊరి చుట్టూ తిరగడానికే ఇంత తతంగం ఉంటే, ఇక మూడో దేశంలోకి వెళ్లాలంటే అక్కడి అధికారి కూడా వీటన్నిటినీ చూసి తలూపాలి. మిగతా సభ్యులు మొదటి పేజీ చదివి దండం పెట్టేశారు. మందుల అట్టల మీద చీమతలంత అక్షరాలు చదవడమే డోసమ్మ ఉద్యోగం. ఆవిడ నూట పన్నెండు పేజీలూ చదివింది, అడిగినవన్నీ ఒక్కొక్కటే సంపాదించింది. అవతలి అధికారి అనుమతి రాసిచ్చాడు: ఈ గ్లైడరు, ఈ పైలట్, ఈ శనివారం, ఒక్కరోజు. చివరగా ఒకటే అడిగాడు. రిజిస్ట్రేషన్ అక్షరాలు కనబడేలా తోకకు రెండు వైపులా ఫొటోలు, గురువారం సాయంత్రం ఐదులోగా.

షెడ్డు తలుపు తోసి, లైటు వేసి, ఫోను ఎత్తి పట్టుకుంది.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

నిన్నటిదాకా తోక మీద అంచులు లేచిపోయిన పాత స్టిక్కరు అక్షరాలు ఉండేవి. ఇప్పుడు అవి లేవు. వాటి చోట ముదురు నీలం రంగులో ఐదక్షరాలు, ప్రతి అక్షరానికీ బంగారు అంచు, అంచు పక్కన నీడ, నీడ కింద మెలికలు తిరిగిన తీగ, తీగ చివర మూడేసి పూలు. వెనక ఆకాశం రంగు, ఆ రంగులో తేలీ తేలనట్టు తెల్లని మబ్బులు. చూస్తే కళ్లు తిప్పుకోలేనంత అందంగా ఉంది. ఆ చెయ్యి ఎవరిదో ఆవిడ నిద్రలో చూపించినా చెబుతుంది. ఇరవై నాలుగేళ్లుగా ఆ చేతితోనే కాపురం చేస్తోంది.

"ఎలా ఉందోయ్?"

వెనక మొగుడు నిలబడి ఉన్నాడు. ఊళ్లో సగం దుకాణాల బోర్డులు ఒకప్పుడు ఆయన రాసినవే. స్టిక్కర్ల షాపులు వచ్చాక మిగిలినవి ఏడో ఎనిమిదో. చొక్కా మోచేతి దగ్గర నీలం రంగు ఇంకా వదల్లేదు.

"నిన్న నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు వేశాను. యాభయ్యో పుట్టినరోజుకి ఏమీ ఇవ్వలేదు కదా నీకు. ఆ వెధవ స్టిక్కర్లతో మీ అక్కగారి ఊళ్లో దిగుతావా? పరువు పోదూ?"

ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఎన్ని కోట్లు వేశారండీ?"

"కింద లప్పం పట్టించి, దాని మీద రెండు, ఆకాశానికి రెండు, అక్షరాలకి మూడు. పదేళ్లయినా చెక్కుచెదరదు."

ఆవిడ అక్కడే ఉన్న స్టూలు లాక్కుని కూర్చుని, ఇన్‌స్పెక్టరు నంబరు నొక్కింది.

*

మంగళవారం పొద్దున ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తోక మీది అక్షరాలు ఏ దేశానివో ఆ దేశం తరఫున సంతకం పెట్టే అధికారం ఈ చుట్టుపక్కల ఆయనొక్కడికే ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి, ముక్కు చివర కళ్లజోడు. తోక చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"బాబూ, పెళ్లి బస్సుకైతే ఇంతకంటే బాగా ఎవరూ వెయ్యలేరు" అన్నాడు పెయింటరుతో. "కానీ ఇది విమానం. అక్షరాలు సాదాగా ఉండాలి. అలంకారం కూడదు, నీడ కూడదు, పువ్వు అసలే కూడదు. దూరం నించి చూసినవాడు ఒక్క చూపులో చదవాలి."

"చదవలేకపోతున్నారా సార్?"

"నేను చదువుతున్నాను. నిబంధన చదవదు." కళ్లజోడు సర్దుకున్నాడు. "తోక చివర అటూ ఇటూ కదిలే పలక మీద వెయ్యలేదు, బతికించావు. అక్కడ వేసుంటే శనివారం మాట మర్చిపోవాల్సిందే. అసలు బాధ వేరే ఉందమ్మా డోసమ్మా. తూకం."

తలుపులు మూశారు, గాలి తగిలితే ముల్లు కదులుతుందని. చక్రం కింద ఒక తూకం, తోక కింద ఒకటి పెట్టి, రసమట్టం చూసి గ్లైడరును సమంగా నిలబెట్టారు. పాత కాగితంలో తోక బరువు ముప్ఫై ఏడు కిలోల నాలుగు వందల గ్రాములు. ఇప్పుడు ముప్ఫై ఎనిమిది కిలోల ఆరు వందలు.

"కిలో రెండు వందల గ్రాములు పెరిగింది. అంతేగా?" అన్నాడు పెయింటరు.

"తోక దగ్గర కిలో పెరిగితే ముందు సీట్లో ఏడు కిలోలు పెరగాలి బాబూ. చిన్నప్పుడు తూగుడుబల్ల ఎక్కలేదూ? చివరన కూర్చున్న పిల్లాడు మధ్యలో ఉన్న పెద్దమనిషిని లేపేస్తాడు చూడు, అదే ఇది. సీట్లో బరువు చాలకపోతే ముక్కు పైకి లేస్తుంది, మళ్లీ దించడం పైలట్ చేతిలో ఉండదు."

లెక్క డోసమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సీట్లో ఉండాల్సిన కనీస బరువు మొన్నటిదాకా డెబ్బై కిలోలు. ఆవిడ నలభై తొమ్మిది. వీపున పారాచూట్ ఆరు. సీటు ముందు బిగించుకునే సీసపు దిమ్మలు పదహారు, అంతకుమించి బిగించే చోటు లేదు. మొత్తం డెబ్బై ఒకటి. అదృష్టం ఒక్క కిలో. ఇప్పుడు కనీస బరువు డెబ్బై తొమ్మిదికి చేరింది.

"శనివారం లోపు ఎనిమిది కిలోలు లావెక్కగలవా తల్లీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. హాస్యమాడాడు గానీ ఆయనే నవ్వలేదు. "లేదంటే పాత పూత దాకా మొత్తం గీకెయ్యాలి. గీకి, బజారులో పల్చని స్టిక్కరు అక్షరాలు తెచ్చి అంటించండి. ఇరవై గ్రాములుండవు. గురువారం మధ్యాహ్నం వచ్చి మళ్లీ తూస్తాను. కుదిరితే సంతకం, కుదరకపోతే నమస్కారం."

స్టిక్కరు అన్న మాటకు పెయింటరు తల తిప్పుకుని గోడకేసి చూశాడు.

*

ఆ మధ్యాహ్నం ఇంట్లో ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. సంగతి తెలిసి అత్తగారు నడుం బిగించింది.

"లావెక్కడమేగా? ఇన్నేళ్లకి ప్రభుత్వం నా కోడలికి ఒక మంచి నిబంధన పెట్టింది. ఇంకో ముద్ద తిను. మొదట్నించీ మొత్తుకుంటున్నా, పిట్ట తిన్నట్టు తింటే ఎలాగే అని."

"అత్తయ్యా, మూడు రోజుల్లో ఎనిమిది కిలోలు రావు."

"వచ్చినంత వస్తాయి. నోరు తెరు. ఒరేయ్, నువ్వెందుకురా గోడ చూస్తూ తింటావు? కోడలికి చెయ్యాల్సిన అపకారం చేసి నోట్లో బెల్లంగడ్డ పెట్టుకుని కూర్చున్నావా?"

"నేను అపకారం చేశానా అమ్మా?" పెయింటరు పళ్లెం జరిపేశాడు. "ఆదివారం పొద్దున ఏడింటికి మొదలుపెట్టి సాయంత్రం ఆరింటిదాకా నించునే ఉన్నా. పదేళ్లయింది నేనట్లా ఒక పని చేసి. సరే. గీకమంటే గీకేస్తా. స్టిక్కర్ల షాపువాడి దగ్గరికి కూడా నేనే వెళ్తా. 'బాబూ, నా అక్షరాలు పనికిరాలేదు, నీవి ఇయ్యి' అని అడిగి తెస్తా. చాలా?"

చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు.

డోసమ్మ లేచి పళ్లాలు తీసేసింది. కోపం లేకపోలేదు. ఒక్క మాట అడిగి వేసుంటే ఎనిమిది నెలల కష్టం ఇలా బజారున పడేది కాదు. కానీ స్టిక్కర్ల షాపు ఆయన కొట్టుకు సరిగ్గా ఎదురుగా ఉంది. కిందటేడు ఆ షాపు బోర్డు కూడా స్టిక్కరుతోనే చేయించుకున్నారని ఆయన వారం రోజులు ఆ వైపు కిటికీ తెరవలేదు. ఆ మెట్లు ఆయన ఎక్కడం ఆవిడ ఊహించుకోలేకపోయింది.

స్టిక్కరైతే ఇరవై గ్రాములు, భయం లేదు. రంగు అయితే? చెయ్యి కింద కాగితం ఉంటే ఆవిడ బుర్ర చురుగ్గా పనిచేస్తుంది. పాత కరెంటు బిల్లు తిరగేసి లెక్క వేసింది. చేతిలో ఉన్నది ఒక్క కిలో. ఏడుతో భాగిస్తే నూట నలభై గ్రాములు. ఐదక్షరాలు, మధ్యలో ఒక అడ్డగీత, రెండు వైపులా కలిపి నూట నలభై గ్రాములు. దాటితే శనివారం లేదు. మళ్లీ గీకి మళ్లీ వెయ్యడానికి వ్యవధీ లేదు.

సాయంత్రం షెడ్డుకు వెళ్లేసరికి ఆయన అప్పటికే నీళ్ల బకెట్టు పక్కన పెట్టుకుని, సన్న గరుకు కాగితం తడిపి, మొదటి పువ్వు మీద పెట్టి ఉన్నాడు. రుద్దడం లేదు. పెట్టి ఉన్నాడంతే.

"స్టిక్కరు వద్దండీ. అక్షరాలు మీరే రాయండి" అంది.

ఆయన తిరిగి చూశాడు. "ఇన్‌స్పెక్టరు చెప్పింది వినలేదా?"

"విన్నా. సాదా అక్షరాలన్నాడు. స్టిక్కరనేది ఆయన సలహా, నిబంధన కాదు. నూట పన్నెండు పేజీలు చదివింది నేను. అందులో ఎక్కడా స్టిక్కరని లేదు. గట్టిగా అంటుకుని ఉండాలి, స్పష్టంగా ఉండాలి అనే ఉంది." చేతి సంచిలోంచి చిన్న తూకం తీసి స్టూలు మీద పెట్టింది. ఇంట్లో పొడిమందులు తూచుకునేది, గ్రాములో పదో వంతు కూడా చూపిస్తుంది. "నూట నలభై గ్రాములు. అంతే ఇస్తా. ఒక్క కోటు, లప్పం లేదు, నీడ లేదు."

"దాటితే?"

"దాటితే నేను శనివారం బస్సెక్కుతా. అక్క డాబా మీద నించుని నవ్వుతుంది."

"ఎందుకోయ్ అంత సాహసం? నీ ఎనిమిది నెలలు..."

"ముందు గీకండి. నేనూ గీకుతా. నా పువ్వులు నేను తీసుకుంటా."

ఆ రెండు సాయంత్రాలూ మొగుడూ పెళ్లాం చెరో వైపు నిలబడి గీకారు. మొదట పూలు పోయాయి, తర్వాత నీడ, తర్వాత మబ్బులు. నీలం నీళ్లు మోచేతుల దాకా కారాయి. పాత తెల్లపూత తగలగానే ఆపెయ్యాలి, దాన్ని గీకితే ఇంకో తంటా. మధ్యలో అత్తగారు టిఫిన్ క్యారేజీతో వచ్చి, కోడలి చేతులు ఖాళీ లేవని తనే నోట్లో పెట్టి వెళ్లింది. చివరి పువ్వు దగ్గర డోసమ్మ ఆగింది. ఫోను తీసి దాన్నొక ఫొటో తీసుకుంది.

"అదెందుకు?"

"పుట్టినరోజు బహుమానం దాచుకోకూడదా?"

తోక అటువైపు నుంచి ఈలపాట ఒకటి మొదలైంది, మంగళవారం నుంచి మొదటిసారి.

బుధవారం సాయంత్రం ఏడింటికి తోక తెల్లగా, పసిపిల్ల చెక్కిలిలా తేలింది. డోసమ్మ నీలం డబ్బా తూకం మీద పెట్టి అంకె రాసుకుంది. పెయింటరు కుంచె తడిపి, డబ్బా అంచుకు తుడిచి, ఊపిరి బిగబట్టి మొదటి గీత లాగాడు.

ముప్ఫై ఏళ్లుగా ఆయన చేతికి అలవాటైన మెలిక, గీత చివర తనంతట తనే తిరగబోయింది. మణికట్టు దగ్గర ఆపేశాడు. నుదుట చెమట పట్టింది.

"నీ తల్లి... పువ్వెయ్యడం తేలికోయ్. తప్పు జరిగితే ఆకు వేసి కప్పెయ్యొచ్చు. ఉత్త గీతకి దాక్కునే చోటే లేదు."

"మాట్లాడకండి, చెయ్యి వణుకుతుంది."

"నువ్వు ఊపిరి తియ్యి ముందు. బరువు తగ్గిపోతావు."

ఎడమవైపు అయ్యాక డబ్బా తూచారు. నలభై ఎనిమిది గ్రాములు. కుడివైపు అయ్యాక మళ్లీ తూచారు. నలభై నాలుగు. మొత్తం తొంభై రెండు. తూకం తప్పేమోనని డోసమ్మ మూడుసార్లు పెట్టి తీసింది.

"ఇంకా నలభై ఎనిమిది గ్రాములు మిగిలాయి కదూ?" అన్నాడు పెయింటరు, కుంచె గాల్లో ఆడిస్తూ. "ఓ మూలన చిన్న పువ్వు..."

"మీ చెయ్యి విరిచేస్తా!"

ఆ నవ్వుకు షెడ్డు చూరు కింద పావురాలు లేచాయి.

*

గురువారం మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు అక్షరాల ఎత్తు స్కేలుతో కొలిచాడు. వాటి మందం కొలిచాడు. ఎడం కొలిచాడు. దూరంగా నడిచి వెళ్లి, కళ్లజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. ఆ తర్వాత తలుపులు మూయించి తూకం పెట్టించాడు. తోక బరువు ముప్ఫై ఏడు కిలోల ఐదు వందల గ్రాములు. పాతదాని మీద వంద గ్రాములు ఎక్కువ.

"అంటే సీట్లో ఏడు వందల గ్రాములు పెరగాలి. డెబ్బై కిలోల ఏడు వందలు. పైకి సరిచేస్తే డెబ్బై ఒకటి." కాగితం మీద రాసి తలెత్తాడు. "ఇక నువ్వెక్కు తల్లీ. నీ మాట నమ్మను, ముల్లు మాటే నమ్ముతా."

డోసమ్మ పారాచూట్ తగిలించుకుని, సీసపు దిమ్మలు ఒళ్లో పెట్టుకుని, తూకం మీది కుర్చీలో కూర్చుంది. ఈ వారం తిరిగిన తిరుగుడుకు తగ్గి ఉంటానేమోనని ముల్లు వంక చూడలేదు. పెయింటరు వేలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు, విప్పుకుంటున్నాడు. ఇన్‌స్పెక్టరు కుర్చీ బరువు తీసేసి చదివాడు.

"డెబ్బై ఒక్క కిలోల నాలుగు వందలు."

"ఆ నాలుగు వందల గ్రాములూ నావే!" తలుపు దగ్గర నుంచి అత్తగారు చేతులెత్తి కేక పెట్టింది. "మూడు రోజుల్నించి కుక్కి కుక్కి పెట్టా! రాసుకోండయ్యా కాగితం మీద!"

ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టేటప్పుడు కూడా ఆయన భుజాలు నవ్వుకు కదులుతూనే ఉన్నాయి. ఫొటోలు రెండూ మూడున్నరకే వెళ్లిపోయాయి.

*

శనివారం పదకొండు గంటలకు, గ్లైడరును పైకి లాక్కొచ్చిన విమానం తాడును డోసమ్మ వదిలేసింది. ఆ తర్వాత చెవుల్లో గాలి శబ్దం ఒక్కటే. డోసమ్మ ఎండకు కాగిన బండల మీదికి గ్లైడరును తిప్పింది. వేడిగాలి రెక్క కింద భుజం ఆనించింది. ఒక చుట్టు, రెండు, ఏడు. కొండ కొమ్ము తల ఎత్తి చూడాల్సినది కాస్తా కళ్ల ఎదుటికి, కళ్ల ఎదుటిది కాళ్ల కిందికి వచ్చింది. శిఖరం వెంట వరసగా తెల్ల సరిహద్దు రాళ్లు, పలువరసలా. వాటి పక్కన బస్సు రోడ్డు, తొమ్మిది గంటల రోడ్డు, పారేసిన నాడాలా పడి ఉంది. దాని మీద ఎక్కడో గ్లైడరును తిరిగి తెచ్చే ట్రాలీ తగిలించుకున్న బండిలో మొగుడూ, అత్తగారూ తెల్లారకముందే బయల్దేరి వస్తున్నారు.

రేడియో మీట నొక్కి తన అక్షరాలు ఐదూ ఒక్కొక్కటే చెప్పింది. అవతలి భూమి నుంచి ఎవరిదో గొంతు వాటిని ఒక్కొక్కటే తిరిగి పలికింది. "రండి" అంది.

రాళ్లు దాటింది. ఒంటరిగా కూర్చుని "హోయ్!" అని అరిచింది. ఏం ఫరవాలేదు, వినేవాళ్లు లేరు.

గడ్డి మైదానంలో చక్రం ఆనేసరికి పన్నెండూ ఇరవై. అధికారి ఫైలుతో నడిచి వచ్చాడు. ఒక్కో కాగితం తిప్పాడు, తోక దగ్గర ఆగి ఫొటోతో పోల్చాడు. ఆ తర్వాత వంగి, ఒక అక్షరం అంచును గోరుతో గీకాడు. స్టిక్కరు అంచు దొరుకుతుందేమోనని వెతుకుతున్నాడు. దొరకలేదు. ఇంకో అక్షరం గీకాడు.

"ఇది అంటించింది కాదా?"

"కాదండీ. చేత్తో రాసింది."

"ఇంత తిన్నగానా? ఎవరు?"

"మా ఆయన" అంది డోసమ్మ, పారాచూట్ బరువుతోనే నిటారుగా నిలబడి.

అధికారి ముద్ర వేశాడు. కంచె అవతల అక్క నిలబడి ఉంది. మోకాళ్లకు పట్టీలు, చేతిలో నిజంగానే పళ్లెం, అందులో హారతి లేదు, కళ్లజోడూ రుమాలూ ఉన్నాయి.

"వచ్చావే!" అంది. "వచ్చేశావే దొంగమొహమా!" ఇంకేమీ అనలేక రుమాలు తీసుకుంది.

చెల్లెలు ఒక చేత్తో అక్కను పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను చేసింది. అవతల బండి హోరు, అత్తగారి గొంతు, "దిగిందా? అడగరా, ఏమన్నా తిన్నదా?"

"దిగానండీ. ముద్ర పడింది."

"అక్షరాలకి ఏమన్నా అన్నాడా?" ఆయన గొంతు మెల్లగా వచ్చింది.

"గోరుతో గీకి చూశాడు. స్టిక్కరేమోనని."

ఫోనులో బండి ఆగిన చప్పుడు. రోడ్డు పక్కకు తీసినట్టున్నాడు.

"ఏమన్నాడు? మళ్లీ చెప్పు. అమ్మా, కాస్త నోరు మూసుకోవే, విను. చెప్పవోయ్, మళ్లీ మొదట్నించి చెప్పు."

డోసమ్మ మొదటి నుంచి చెప్పింది.